మునిగిన ఓడలు - మన పూర్వుల నౌకాధర్మము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ రజతోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరినపుడు, నేను పెనుకొండ కోటను గూర్చియో లేపాక్షి వీరభద్రాలయమును గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను ఓడలను గూర్చి వ్రాయబూనితిని. ఈ మాట విని మిత్రులొకరు నవ్వి, "అయ్యా, మన చెరువులో పుట్టి నడుచుటకే నీరు చాలదు గదా, మీకు ఓడల గొడవ యేల?" అనిరి. వారి మాటయు నిజమే. మనది మెట్టసీమ. వాన కురిసిన యేడు మనకు పండుగ. నేను నలుబదియేండ్లు దాటిన పిమ్మటనే సముద్రమును కన్నులార చూచితిని.

అయినను మనకును సముద్రమునకును సంబంధము లేకపోలేదు. నందికొండలలో పుట్టి మన హిందూపురపు సీమను తడుపుచు పోవు పెన్న, సుమారు 597 కిలోమీటర్లు నడచి నెల్లూరు సీమలో సముద్రమున కలియుచున్నది. ఏటి నీరు దిగువకు పోయినట్లే, రేవులలో దిగిన సరకు బండ్లమీదను పెరికెయెద్దులమీదను ఎగువకు వచ్చెడిది. మన పెద్దల పూజలోని కర్పూరము, పిల్లల మెడలోని పగడము, ధర్మవరపు మగ్గముమీది పట్టునూలు - వీనిని చూచునపుడు ఓడల తలపు రాకుండుట యెట్లు?

ఇంక నా వృత్తి సంగతి. మా పూర్వులు కరణీకము చేసినవారు. 1984లో ఆ పదవి రద్దయినను లెక్కల పుస్తకము మా యింటిని విడువలేదు. మన గ్రామమున చిట్టా ఆవర్జాలు వ్రాయుచు నేను ఏబదియేండ్లు దాటినాను. పండితుల యొద్ద శుశ్రూష చేసినవాడను కాను. చదివినదంతయు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదివినదే. అట్లు చదువుచుండగా ఒకనాడు మోటుపల్లి శాసనము నా కంటబడినది. అది ఒక లెక్కల చిక్కును విప్పిన శాసనము. ఆ చిక్కు యిది: గాలివానకు పగిలి ఒడ్డున పడిన ఓడలోని సరకు ఎవరిది? యజమానిదా, రాజుదా, ఏరుకొన్నవానిదా? ఈ ప్రశ్నకు మన పూర్వులు చెప్పిన జవాబును, ఆ ప్రశ్నయే నేడు మరల ఏ రూపమున మన ముందుకు వచ్చినదో దానిని విన్నవించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ప్రాచీనాంధ్రుల ఓడలు

మొదట మనవారికి ఓడలు కలవా యను సందేహము తీర్చుకొనవలెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున ఆంధ్రదేశము నేలిన యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు సీసపు నాణెములపై రెండు తెరచాపకొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. రాజు తన నాణెముపై తన రాజ్యమునకు గొప్పయైన దానినే ముద్రించును గదా. సముద్రవ్యాపారము ఆనాటి కలిమికి ఎంత ముఖ్యమో ఆ చిన్న సీసపు బిళ్ళయే చెప్పుచున్నది.

కృష్ణా తీరమున ఘంటసాల యను గ్రామము కలదు. ప్రాచీన శాసనములలో దాని పేరు కంటకసేల. రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళకర్త టాలమీ దీనిని కంటకోసిల యని వ్రాసి, వర్తకస్థానమని పేర్కొనెను. అచ్చటి ప్రాకృత శాసనమొకదానిలో శివకుడను "మహానావికుని" ప్రసక్తి కలదు. మహానావికుడనగా ఓడ నడపువారిలో పెద్ద. మన చరిత్ర పుస్తకములలో రాజుల పేర్లు వందలుగా నున్నవి. ఓడ నడపినవాని పేరొకటి రాతిపై నిలిచియుండుట అపురూపము. మొదటి శతాబ్దమున ఒక గ్రీకు వర్తకుడు వ్రాసిన ఎర్రసముద్ర యాత్రాగ్రంథము కృష్ణా ముఖద్వార ప్రాంతమును మసాలియా యని పిలిచి, అచ్చట సన్నని నూలువస్త్రములు విస్తారముగా తయారగుచుండెనని తెలుపుచున్నది.

ఓడలున్నచోట ఓడలు పగులుటయు తప్పదు. అందుచేత పగిలిన ఓడను గూర్చిన ధర్మము కూడ ప్రాచీనమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారి విధులు చెప్పబడినవి. గాలిదెబ్బ తిని రేవు చేరిన ఓడను ఆ అధికారి తండ్రివలె ఆదరింపవలెననియు, నీట తడిసి చెడిన సరకుపై సుంకము విడిచిపెట్టవలెను లేక సగమే తీసికొనవలెననియు అందున్నది. నష్టపడినవాని యొద్ద పూర్తి పన్ను గుంజరాదన్న ఈ నియమమును నేటి లెక్కలవారును మెచ్చుకొందురు.

మోటుపల్లి అభయశాసనము

శాస్త్రమున నుండుట వేరు, ఆచరణమున నుండుట వేరు. నడుమ కాలమున తీరరాజులు ఈ ధర్మమును పాటింపలేదు. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడ గాలివాన పాలై తమ తీరమున పడినచో, అందలి బంగారము, ఏనుగులు, గుర్రములు, రత్నములు సర్వము బలిమిని లాగికొనెడివారు. ఈ సంగతిని మనకు చెప్పినవాడు సాక్షాత్తు ఓరుగల్లు కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు.

నేటి బాపట్ల జిల్లాలో చినగంజాము సమీపమున సముద్రపు ఒడ్డున మోటుపల్లి గ్రామము కలదు. అచ్చటి వీరభద్రాలయమున గణపతిదేవుడు శాలివాహన శకము 1166వ సంవత్సరమున, అనగా క్రీ. శ. 1244-45లో, ఒక స్తంభముపై శాసనము వ్రాయించెను. దానినే అభయశాసనమందురు. పూర్వరాజులు చేసిన దోపిడిని దాచక చెప్పి, సముద్రయానము చేయువారు ప్రాణముకన్న ధనమే మిన్నయని తలచి అంతటి సాహసమునకు పూనుకొనుచున్నారు గనుక, వారియందు దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచితినని రాజు అందు ప్రకటించెను.

ఆ సుంకమెంత? ఎగుమతి దిగుమతులన్నిటిపైనను ముప్పదింట ఒకవంతు. ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక ఓడలో మూడువందల మాడల సరకున్నదనుకొనుడు. ఓడ తీరమున పగిలినది. పూర్వపు రాజుల కాలమున వర్తకునికి చిక్కునది సున్న. గణపతిదేవుని కాలమున రాజునకు పది, వర్తకునికి రెండువందల తొంబది. ఆ రెండువందల తొంబది మాడల భేదమే రాజునకును దొంగకును గల భేదము.

శాసనమున సరకుల పట్టికయు కలదు: చందనము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు మున్నగునవి. అధికారి తన యిచ్చవచ్చినట్లు వసూలు చేయుటకు వీలులేకుండ సుంకములను రాతిపై చెక్కించుట ఆ రాజు దూరదృష్టి. రేవున దిగిన పరదేశి వర్తకుడు మొదట ఆ స్తంభమునొద్ద నిలిచి తాను చెల్లింపవలసిన దేమో తెలిసికొనగలడు. నమ్మకమున్నచోటికే ఓడ వచ్చును. పదుమూడవ శతాబ్దపు చివర వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి యని పేర్కొని, అచ్చటి వస్త్రములు సాలెగూటివలె సన్ననివని పొగడెను.

కాకతీయ రాజ్యము 1323లో కూలినది. అయినను మోటుపల్లి ధర్మము కూలలేదు. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే గ్రామమున మరల శాసనము వేయించి వర్తకులకు అభయమిచ్చెను. సంతతి లేక మరణించినవాని సొత్తును రాజు తీసికొను "అపుత్రిక దండమును" కూడ ఆయన మాన్పించెను. శ్రీనాథుడు తన హరవిలాస కావ్యమును అంకితమిచ్చినది అవచి తిప్పయసెట్టి యను వర్తకునికి. ఆ కావ్యపు పీఠికలో కప్పలి, జోంగు, వల్లి మొదలగు ఓడల పేర్లు వినవచ్చును. జోంగనునది తూర్పుసముద్రముల పెద్ద ఓడ. ఈ మాటలు తెలుగు పద్యమున చేరినవనగా ఆనాటి శ్రోతలకు అవి తెలిసిన మాటలేయని గ్రహింపవలెను. నేడు నిఘంటువు తెరువనిదే మనకు అర్థమగుట లేదు.

పెనుకొండ నేలిన ప్రభువుల కాలమున

ఇంక మన సీమకు వత్తము. 1565 యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చిన సంగతి మన బిడ్డలకును తెలియును. అంతకు ముందునుండియు పెనుకొండ ఆ రాజ్యమునకు ఒక ముఖ్యదుర్గము. ఆ రాజ్యమునకు కావలసినవి గుర్రములు. అవి ఆరేబియా, ఓర్ముజు దేశములనుండి ఓడలలో పడమటి తీరపు రేవులకు వచ్చెడివి. దారిలో ఎన్నియో చచ్చెడివి. ఆ నష్టమెవరిది?

1535 ప్రాంతమున విజయనగర చరిత్రను వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజు ఒక చిత్రమైన విషయము తెలిపెను. సాళువ నరసింహరాయలు గుర్రములను బ్రతికియున్నను చచ్చినను వేయి బంగారు నాణెములకు మూడు చొప్పున కొనెడివాడట. సముద్రముమీద చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపిన చాలును, బ్రతికియున్నట్లే వెల చెల్లించెడివాడట. తోకయే రశీదు! సముద్రపు నష్టమును వర్తకునిపై వేసినచో మరుసటి యేడు గుర్రములు రావని ఆ రాజు ఎరుగును. ఈ నరసింహరాయని కుమారుని నరసనాయకుడు పెనుకొండలోనే ఉంచెనని ఆ నూనిజే వ్రాసినాడు. మన కొండమీది గోడలు ఆ రాజకుమారుని చూచినవి.

నరసనాయకుని కుమారుడు శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో, యామునాచార్యులు కుమారునకు చెప్పిన రాజనీతియందు, రేవులను బాగుచేసి గుర్రములు, ఏనుగులు, రత్నములు, చందనము, ముత్యములు వచ్చునట్లు వర్తకము పెంపవలెనని చెప్పెను. అంతటితో ఆగక, తుపానుచేతనో రోగముచేతనో అలసటచేతనో తన తీరమున దిగిన పరదేశి నావికులను వారి వారి జాతులకు తగినట్లు పోషింపవలెనని కూడ చెప్పెను. చాణక్యుడు, గణపతిదేవుడు, అనపోతారెడ్డి, కృష్ణరాయలు - కాలములు వేరు, కులములు వేరు. అందరి మాట ఒక్కటే: ఆపదలో పడినవాని సొత్తు దొరికినవాని సొత్తు కాదు.

సముద్రపు అడుగున త్రవ్వకములు

ఇంతవరకు ఒడ్డున పడిన ఓడల మాట. నడిసముద్రమున మునిగిన ఓడల గతి యేమి? వానికి రాజు లేడు, యజమాని వంశము ఏనాడో అంతరించినది. వేలయేండ్లు అడుగున పడియున్న ఆ సొత్తు ఎవరిది?

పూర్వము ఈతగాండ్రు మునిగి చేతికి దొరికినది తెచ్చి అమ్ముకొనెడివారు. 1960లో తుర్కీ దేశపు గెలిడోన్యా అగ్రమునొద్ద జార్జి బాస్ అను అమెరికా పండితుడు తానే నీటిలో మునుగుట నేర్చి, భూమిపై త్రవ్వినట్లే సముద్రపు అడుగున ప్రతి వస్తువును కొలిచి, పటము గీసి, పిమ్మటనే పైకి తీయించెను. ప్రాచీన నౌకను ఇట్లు శాస్త్రీయముగా పూర్తిగ పరిశోధించుట అదే మొదలు. ఆ దేశముననే ఉలుబురున్ వద్ద 1982లో సముద్రపు స్పాంజీలు ఏరు ఈతగాడొకడు చూచిన ఓడ, క్రీస్తుపూర్వము పదునాలుగవ శతాబ్దమునకు చెందినది. దానిని 1984 నుండి 1994 వరకు పరిశోధించిరి. ఈతగాండ్రు ఇరువదిరెండు వేలసార్లకు పైగా మునిగిరి.

ఆ ఓడలో రాగి దిమ్మెలు సుమారు పది టన్నులు, తగరము సుమారు ఒక టన్ను ఉండెను. పదికి ఒకటి - కంచు పోతకు పనికివచ్చు పాళ్ళివే! దొరికినవాడు రాగిని ఒక అంగడికి, తగరమును మరియొక అంగడికి అమ్ముకొనియున్నచో వానికి కొంత సొమ్ము వచ్చెడిది. ఈ పదికొకటి యను లెక్క మాత్రము లోకమునుండి మాసిపోయెడిది. మునిగిన ఓడ ఒక్కనాడు ముగిసిన చిట్టా వంటిది. అందు పిమ్మట ఎవడును కొట్టివేతలు చేయలేదు. ఏ వస్తువు దేని ప్రక్కన నున్నదో అదియే దాని విలువ.

మనకు దగ్గరి నిదర్శనము సింహళములో కలదు. ఆ ద్వీపపు దక్షిణతీరమున గొడవాయ గ్రామము ముందు, ముప్పది మీటర్లకు పైబడిన లోతున, 2003లో శంఖములకై మునిగినవారు ఒక ఓడ శిథిలమును కనుగొనిరి. అది ఇంచుమించు క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దము నుండి క్రీస్తుశకము మొదటి శతాబ్దము వరకు గల కాలమునకు చెందినది. హిందూమహాసముద్రమున ఇంతవరకు తెలిసిన నౌకాశిథిలములలో ఇదియే ప్రాచీనతమమని పండితుల అభిప్రాయము. అందు గాజు దిమ్మెలు, తుప్పు పట్టిన ఇనుము, మన సన్నికల్లువంటి కాళ్ళుగల రాతి పీటలు దొరకినవి. కొన్ని పీటలపై మంగళచిహ్నములు చెక్కబడియున్నవి. శాతవాహనుల నాటి గృహిణి నూరుకొను రాయి ఓడయెక్కి పోవుచుండెనన్నమాట. ఏ కావ్యమును, ఏ శాసనమును మనకీ సంగతి చెప్పలేదు.

పుస్తకమును ఓడతో పోల్చి చూచుటయు ఇప్పుడు సాధ్యమైనది. భోజుని పేర చెల్లు యుక్తికల్పతరువు, సముద్రమున అయస్కాంత శిలలు లాగునని ఓడ పలకలకు ఇనుము వాడరాదనెను. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ ద్వీపమునొద్ద దొరకిన తొమ్మిదవ శతాబ్దపు అరబ్బు తరహా ఓడలో పలకలు నిజముగనే త్రాళ్ళతో కుట్టబడియుండెను. కాని కేరళలో ఆలప్పుళ జిల్లా కడక్కరప్పళ్ళి గ్రామపు నేలలో 2002-2003 సంవత్సరములలో బయల్పడిన మధ్యయుగపు ఓడకు ఇనుప మేకులున్నవి. కావున గ్రంథవాక్యము ఒకటి, వడ్రంగి పని మరియొకటి కావచ్చును. రెండును చూచినవాడే చరిత్ర యెరిగినవాడు.

మన దేశమున లోథాల్ త్రవ్వకములు జరిపిన ఎస్. ఆర్. రావుగారి ప్రోత్సాహమున, గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థలో 1981లో ఈ శాస్త్రమునకు ఒక విభాగము ఏర్పడినది. తమిళనాట పూంపుహారు ఎదుట సముద్రమున మునిగిన ఒక ఓడలో సీసపు దిమ్మెలు దొరికినవి. వానిపై 1791, 1792 సంవత్సరములు పోతపోయబడియున్నవి. లెక్కలు వ్రాయువాని కన్నులకు తేదీకన్న ఇంపైన వస్తువు లేదు.

అయితే బెలితుంగ్ ఓడను తీసినది విద్వాంసుల పరిషత్తు కాదు, వ్యాపారసంస్థ. అందలి సుమారు అరువదివేల చీనా మట్టిపాత్రలు మొదలగు సరకులో అధికభాగమును సింగపూరు 2005లో మూడుకోట్ల డాలర్లకు పైబడిన వెలకు కొనెను. తీసిన తీరు శాస్త్రీయము కాదని ఎందరో పండితులు ఆక్షేపించుటచే, 2011లో అమెరికాలో జరుగవలసిన ప్రదర్శన ఆగిపోయెను. మునిగిన ప్రాచీన నౌకలు వ్యాపారవస్తువులు కారాదని ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ 2001లో ఒక ఒడంబడికను రూపొందించినది. మోటుపల్లి స్తంభపు ప్రశ్నయే మరల వచ్చినది: పగిలిన ఓడ ఎవరిది?

మన విధి

ఇది సముద్రతీరపు వారి తగవని మనము ఊరకుండుటకు వీలులేదు. మన మెట్టసీమలోను మునిగిన ఓడలు కలవు. పాడుబడిన గుళ్ళు, చెరువుకట్టలు, కోటగోడలు అట్టివే.

మా ప్రాంతమున ఒక పాడుగుడి ముందు శాసనపు బండ యుండెను. చాలయేండ్ల క్రిందట నేనొక ఆదివారము సున్నపుపొడి రుద్ది అక్షరములు చదివి, ప్రొద్దుగూకువరకు పదునొకండు పంక్తులు కాగితముపై ఎత్తివ్రాసితిని. చెరువు త్రవ్వించినవాని పేరు వచ్చినది. చెరువు మరామతుకై వానికిచ్చిన దశబంధపు మాన్యము మాట మొదలైనది. ఏ పొలము, ఎన్ని కుంచముల విత్తనపు నేల యనునది దిగువ పంక్తులలో నుండెను. మరుసటి ఆదివారము తీరిక దొరకలేదు. ఆ పై వారము పోయి చూడగా గుప్తనిధికై ఎవరో రాత్రివేళ బండ క్రింద త్రవ్వి, దానిని మూడు ముక్కలుచేసి పోయిరి. దిగువ ముక్క నుగ్గునుగ్గయినది. అచ్చట నిధి దొరికిన జాడ లేదు. ఆ ఒక్క ఆదివారము పోనందుకు నేటికిని నా మనసు నొచ్చుచున్నది. ఎవని నెత్తురు చెమటగా మారి ఆ చెరువైనదో వానికి ఊరివారు ఏమిచ్చిరో ఇక ఎవరును చెప్పలేరు. లెక్క సగములో తెగినది.

ఒడ్డున పడిన ఓడను దోచిన పూర్వరాజులకును ఆ రాత్రి వచ్చినవారికిని నాకు భేదము కనబడదు. చట్టమును కలదు. పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము భూమిలో దొరికినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి శాసనమే విధించుచున్నది. కాని చట్టముకన్న ముందు ఊరి కన్ను కావలెను. రాత్రి గునపపు చప్పుడు విన్నవాడు తలుపు వేసికొని పడుకొనరాదు.

కావున గ్రంథాలయ సభ్యులకు నా మనవి యొకటి. మీ పొలముగట్టున, బావిచెంత, బట్టలుతుకు బండగానో గుమ్మపు మెట్టుగానో అక్షరములున్న రాయి కనబడినచో దానిని కదల్పక, ఉన్నచోటును గురుతుపెట్టి, గ్రంథాలయమున తెలుపుడు. ఈ రజతోత్సవ సంవత్సరమున మన చుట్టుపట్ల గ్రామముల శాసనములకు నకళ్ళు తీసి ఒక పుస్తకముగ కట్టి ఇచ్చట నుంచుదము. ఆ పుస్తకమునకు తొలి పుటలుగా నా యొద్దనున్న పదునొకండు పంక్తుల కాగితమును కార్యదర్శిగారికి ఈ వ్యాసముతోపాటు అప్పగించుచున్నాను. పండ్రెండవ పంక్తిని ఎవరును ఇక పూరింపలేరు. తక్కిన రాళ్ళనైనను చివరి పంక్తివరకు చదువుదము.